ఏఐకి మా అవ్వ తెలుగు వస్తుందా?

2024 మార్చిలో కేంద్రం ఇండియా ఏఐ మిషన్‌కు 10,300 కోట్లకు పైగా మంజూరు చేసింది. సొంత ఏఐ ఉంటేనే దేశానికి బలం అంటున్నారు. సరే, అందులో ఎవరి మాట ఉంటుంది? యంత్రం భాష నేర్చుకునేది ఎక్కువగా రాతలోంచే. తమిళనాట మన తెలుగిళ్లలో చాలావాటికి మాటే గానీ రాత లేదు. కోవిల్‌పట్టి దగ్గర పుట్టిన కి. రాజనారాయణన్ ఇంటి భాష తెలుగు. అయినా వలస వచ్చిన తెలుగువాళ్ల కథ ‘గోపల్ల గ్రామం’ తమిళంలోనే రాశారు. మా ఇంట్లోనూ అంతే, అవ్వ తెలుగులో తిడుతుంది, మేము తమిళంలో జవాబిస్తాం. రాష్ట్రానికొక భాష అని లెక్కేస్తే మనం ఏ లెక్కలోకీ రాము. విదేశీ కంపెనీ వదిలేసినా, మన సర్కారే వదిలేసినా అవ్వకు తేడా ఏముంది? ఈ సెలవుల్లో అవ్వల మాటలు ఫోన్లో రికార్డు చేసి తెలుగు లిపిలో రాసి తెద్దాం. ఎవరికివ్వాలో తర్వాత వాళ్లనే అడుగుదాం.