స్పీకర్ పక్కన హార్డ్ డిస్క్ పెట్టొచ్చా?

ఫ్రిజ్, మైక్రోవేవ్ ఓవెన్, స్పీకర్ల దగ్గర కంప్యూటర్ ఉంటే అందులోని ఫొటోలు చెరిగిపోతాయేమోనని చాలామంది బెంగపడతారు. ఇది క్యాసెట్లు, ఫ్లాపీల కాలం నాటి భయం. వాటి పూతపై రాసింది చిన్న అయస్కాంతానికే చెదిరేది. ఇప్పటి హార్డ్ డిస్కులో రాసింది చెరపాలంటే దాదాపు అర టెస్లా బలం లోపలి పళ్లెం దాకా చేరాలి. మైక్రోవేవ్‌కు అడుగు దూరంలో ఉండేది కొన్ని మైక్రోటెస్లాలే, అందులో సుమారు లక్షో వంతు. అసలు డిస్కు లోపలే, చదివే, రాసే హెడ్‌ను కదిపేందుకు, బలమైన నియోడిమియం అయస్కాంతాలు ఉంటాయి.

కాబట్టి జాగ్రత్త ఎక్కడ అవసరమో అక్కడే పడదాం.

1. మీ డిస్కు ఏ రకమో చూడండి. విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ తెరవండి. ఎస్ఎస్‌డీ అని ఉంటే అయస్కాంతం బెంగే అక్కర్లేదు.

2. హెచ్‌డీడీ (పళ్లెం తిరిగే డిస్కు) అయితే, పెద్ద వూఫర్‌ను ఆ బల్ల మీంచి దించేయండి. దాని అయస్కాంతం ఏమీ చేయదు, అదురే ఇబ్బంది. నిమిషానికి 5400 లేదా 7200 చుట్లు తిరిగే పళ్లెంపై హెడ్ కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతుంటుంది. తిరుగుతున్న డిస్కును ఎత్తకండి, జరపకండి.

3. కరెంటు సంగతి చూడండి. నా దృష్టిలో అసలు ముప్పు ఇదే. రాస్తుండగా కరెంటు పోతే ఫైలు సగంలో తెగుతుంది. తిరిగి వచ్చేటప్పుడు ఓల్టేజీ ఎగిస్తే బోర్డు కాలిపోవచ్చు. యూపీఎస్ పెట్టుకోండి. ఫ్రిజ్, మోటారు ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్సుకు కంప్యూటర్ తగిలించకండి. ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. ఉరుములు మొదలయ్యేలోపే కంప్యూటర్ షట్‌డౌన్ చేసి ప్లగ్గు పీకేయండి, స్విచ్ ఆపితే చాలదు.

4. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌తో డిస్కు ఆరోగ్యం చూడండి. హెచ్‌డీడీ అయితే, 05, సీ5, సీ6 వరుసల్లో చివరి గడిలోని సంఖ్య సున్నా దాటి పెరుగుతుంటే పళ్లెం దెబ్బతింటోందన్నమాట. ఆ రోజే కాపీ తీసుకోండి. సీ7 కథ వేరు. అది పెరిగితే సాధారణంగా తప్పు కేబుల్‌ది. ఇంట్లోని పరికరాల విద్యుదయస్కాంత అలజడి డేటాను తాకితే, అది కూడా ఎక్కువగా ఈ కేబుల్ దారిలోనే. అప్పుడైనా తప్పుగా వచ్చిన ముక్కను కంప్యూటర్ పసిగట్టి మళ్లీ తెప్పించుకుంటుంది. కేబుల్ మార్చండి. పాత సంఖ్య తగ్గదు, ఇక పెరగకపోతే సరిపోయినట్టే.

5. ముఖ్యమైనవన్నీ ఇంకో డిస్కులోకి కాపీ చేయండి. పని కాగానే దాన్ని ఎజెక్ట్ చేసి, తిరగడం ఆగాక తీయండి. కంప్యూటర్‌కు తగిలించే ఉంచితే ఒకే పిడుగుకు రెండూ పోవచ్చు. వీలైతే అన్నయ్య వాళ్లింట్లోనో అమ్మ వాళ్లింట్లోనో దాచండి. నెలకోసారి తెచ్చి కొత్తవి చేర్చండి, పాత ఫొటోలు నాలుగైదు తెరిచి చూడండి.