పొలిమేర రాయి

ధ్యానమునకు వాక్యభాగములు: ద్వితీయోపదేశకాండము 19:14, 15, సామెతలు 15:25, 23:10, 11, 1 రాజులు 21



సోమవారము సంఘకాపరికి విశ్రాంతి దినము. గడచిన నెలలో అట్టి యొక సోమవారమున నేను మా పల్లె పొలిమేరను కాలినడకను, దోనె మీదను చుట్టి వచ్చితిని. పదునొకండు సంవత్సరములుగా ఈ వెంకటాచలము ప్రాంతమున సేవ చేయుచున్నను, మా ఊరు ఎక్కడ మొదలై ఎక్కడ ముగియునో నాకు సరిగా తెలియదు. తెలిసికొనవలెనను కోరిక మాత్రమే నన్ను బయలుదేరదీసెను. ఆ దినము నాకొక పాఠమగునని నేననుకొనలేదు.

మా సంఘములోని ఒక యానాది తాత నాకు దారి చూపెను. ఆయన చిన్నతనమున కరణముగారి వెంట సర్వే గొలుసు మోసినవాడు. ఆ గొలుసు పొడవు 66 అడుగులు. అందు 100 లింకులుండును. 10 చదరపు గొలుసులు ఒక ఎకరము, 1,000 చదరపు లింకులు ఒక సెంటు. 1984లో కరణముల ఉద్యోగములు రద్దయినవి గాని, తాత జ్ఞాపకము రద్దు కాలేదు. ఊళ్ల మేరలన్నియు ఎరిగిన ఆయన పేర మాత్రము ఒక్క సెంటు భూమియు లేదు.

మొదటి రాయి జాతీయ రహదారి దాపున సీమతుమ్మ పొదలో దొరికెను. తాత కత్తితో కొమ్మలు నరికి, రాతి నెత్తిన చెక్కిన గుర్తును నాకు చూపెను. అక్కడనుండి పొలముల గట్లమీదుగా సర్వేపల్లి చెరువునకు నడచితిమి. నెల్లూరు ఆనకట్టయొద్ద పెన్న నీరు కాలువ పట్టి ఈ చెరువునకు వచ్చును. చెరువులో రాయి పాతుట ఎట్లు? తాత నన్ను దోనెలో కూర్చుండబెట్టి గెడతో నెట్టుకొని పోయి, నడిచెరువులో ఆపి, ఒక ప్రక్క తూమును, ఎదుట ఒడ్డున ఒంటి తాటిచెట్టును చూపెను. "ఆ రెంటికీ నడాన గీత గీసినట్టు పోతాది అయ్యగారూ. నీళ్లకు తెలవదు గానీ మనకు తెలవాల" అనెను.

దోనెలో నేను గీతలు మారుటను గూర్చి తలంచితిని. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు కందుకూరు నెల్లూరు జిల్లానుండి దానిలోనికి పోయెను. 2022 ఏప్రిల్ 4న కందుకూరు మరల నెల్లూరునకు వచ్చెను. ఆ దినముననే గూడూరు తిరుపతి జిల్లాలో చేర్చబడెను. ఈ మార్పులు బహిరంగముగా, ఉత్తరువు మీద జరిగినవి. వాక్యము ఖండించునది ఇట్టి మార్పును గాదు. పొరుగువాడు ఎరుగకుండ, లేక ఎరిగియు నోరెత్తలేకుండ జరుపు రాతిని ఖండించుచున్నది.

పొద్దు వాలువేళకు ఒడ్డుకు చేరి, చివరి రాతికొరకు మా మందిరము వెనుకకు వచ్చితిమి. మందిరము ఊరి చివరనున్నది. దాని వెనుక నొక యానాది విధవరాలి గుడిసె యున్నది. ఆ స్థలము పొరుగు ఊరి లెక్కలోనిది. తాత అటు ఇటు వెదకి, నిలువబడి, నా ముఖము చూడక ఇట్లనెను: "రాయి ఈడ లేదు అయ్యగారూ. మీ కంచె లోపలుండాది."

మూడేండ్ల క్రిందట ఆ రాతి కూసములు పాతించి ముళ్లతీగ కట్టించినవాడను నేనే. టేపు పట్టి కొలిచితిమి. ఆరు అడుగుల వెడల్పున ఆమె స్థలము మా లోపలికి వచ్చియున్నది. ఏల చెప్పలేదని ఆమెను అడిగితిని. "దేవుని మందిరం కదా అయ్యగారూ, ఎట్టా చెప్పేది? నోరు మూసుకున్నా" అనెను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

సహోదరులారా, ఈ వాక్యభాగములనుండి మూడు సంగతులు నేర్చుకొందము.

మొదటిది, రాయి సాక్షి. ద్వితీయోపదేశకాండము 19వ అధ్యాయములో సరిహద్దు రాతిని గూర్చిన ఆజ్ఞ వెంటనే సాక్షులను గూర్చిన ఆజ్ఞ యున్నది. రాతిని జరుపువాడు నోరులేని సాక్షిచేత అబద్ధము పలికించుచున్నాడు.

రెండవది, కాగితము సరిగా నున్నంతమాత్రమున న్యాయము జరిగినట్లు కాదు. నాబోతు ద్రాక్షతోటను అహాబునకు ఇప్పించుటకు తాకీదులు, ముద్ర, ఇద్దరు సాక్షులు, అన్నియు సమకూర్చబడెను. అయినను అది దొంగతనము, నరహత్య. మన రాష్ట్రములో 2020 డిసెంబరులో ఆరంభమైన రీసర్వేలో డ్రోనులను వాడిరి. డ్రోను కంచెను చూపును గాని కంచె వేసినవాని మనస్సును చూపదు. సామెతలలో దేవుడు తానే విధవరాలి మేరను నిలుపువాడనియు, తండ్రిలేనివారి పక్షమున వాదించువాడు బలవంతుడనియు చదువుచున్నాము. నోరు మూసుకొనినవారి వ్యాజ్యెము ఆయనయొద్ద నున్నది.

మూడవది, ఒప్పుకోలు చాలదు, కంచె కదలవలెను. జక్కయ్య దుఃఖించి ఊరకుండక, తీసికొనినది తిరిగి ఇచ్చెదననెను. ఆదివారము ఆరాధన తరువాత నేను సంఘము ఎదుట నా తప్పు చెప్పితిని. "మందిరము కొరకే గదా, ఆరడుగులు ఏపాటి?" అని కొందరనిరి. దేవుని పేరట తీసికొనిన ఆరడుగులు మన పేరట తీసికొనినవాటికంటె బరువైనవని నేను చెప్పితిని. చాలసేపు మాటలైన పిమ్మట పెద్దలు సమ్మతించిరి. మరుసటి శనివారము యౌవనస్థులు కూసములు పెరికి, పాత రాతి వరుసన పాతిరి. మేము నాటిన రెండు కొబ్బరి మొక్కలు ఇప్పుడు ఆమెవి. ఆమె వాటికి నీళ్లు పోయుచుండగా చూచితిని.

మీరును ఒక విశ్రాంతి దినమున మీ పొలము గట్టు వెంట నడువుడి. నాగలి ఏటేట ఒక్కొక్క చాలు పొరుగువాని వైపు పోయినదేమో చూడుడి. మీకంటె పేదవాడు గట్టు అవతల నున్నయెడల, రాయి ఎక్కడనున్నదో మొదట అతనినే అడుగుడి.

ప్రార్థన: భూమిని కలుగజేసిన తండ్రీ, మేము జరిపిన రాళ్లను మాకు చూపుము. వాటిని తిరిగి పెట్టుటకు సిగ్గుపడని మనస్సు మాకిమ్ము. ఆమేన్.