తెరను మించిన చిత్రం

సోలెడు గిన్నెలో మానెడు పాలు పట్టవు. మానిక అంటే నాలుగు సోలలు. ఇది అందరూ ఎరిగిన లెక్కయే. కాని వీడియో ఆటలాడే పిల్లలు ఈ లెక్కను తోసిపుచ్చినట్లు కనబడతారు. వారి కంప్యూటరు తెర మీద అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు మాత్రమే ఉంటాయి. అయినను ఆటను 3840 × 2160 చుక్కల చిత్రంగా గీయవలసినదని యంత్రాన్ని ఆజ్ఞాపిస్తారు. అనగా సరిగ్గా నాలుగు రెట్లు! తెరకు లేని చుక్కలు కనిపించే ప్రసక్తి లేదు. అయినను బొమ్మ మునుపటికంటె నునుపుగా, నిలకడగా అగుపిస్తుంది. ఇందులో కనికట్టు ఏమీ లేదు. దీని వెనుక ఉన్న శాస్త్రసూత్రం తెలిసినచో, పిల్లలు కొత్త తెరో, కొత్త కార్డో కావాలని పట్టుబట్టినపుడు తల్లిదండ్రులు తర్కబద్ధంగా ఆలోచించి నిర్ణయించవచ్చును.

ఒక్క మెతుకు చాలునా?

కంప్యూటరు తెరను చుక్కల ముగ్గుతో పోల్చవచ్చును. ఒక్కొక్క చుక్కకు పిక్సెల్ అని పేరు. ఒక చుక్కకు ఒక క్షణంలో ఒకే రంగు. ఆటలోని లోకమంతా, అనగా స్తంభాలు, తీగలు, ఆకులు, గోడలు, గణితరూపంలో కంప్యూటరులో ఉంటుంది. దానిని చిత్రంగా మార్చే పని గ్రాఫిక్స్ కార్డుది. అది సామాన్యంగా ప్రతి చుక్క నడిమధ్యన ఏ వస్తువు ఉన్నదో చూచి, ఆ రంగునే చుక్క మొత్తానికి పులుముతుంది.

అన్నం ఉడికినదీ లేనిదీ తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునంటారు. కుండలోని అన్నమంతా ఒకే తీరుగా ఉన్నంతవరకు ఆ మాటకు తిరుగులేదు. కాని విస్తరిలో అన్నమూ పప్పూ కలిసేచోట ఒక్క మెతుకును పరీక్షించి ముద్ద రుచి చెప్పడం సాధ్యం కాదు. చిత్రంలోని అంచులు అటువంటి చోట్లు.

తెల్లని ఆకాశం ముందు నల్లని స్తంభం ఒకటి కొంచెం ఒరిగి ఉన్నదనుకొందాం. అంచు మీది ఒక చుక్కలో నూటికి 60 పాళ్ళు స్తంభం, 40 పాళ్ళు ఆకాశం ఉన్నాయి. నడిమధ్య బిందువు స్తంభం మీద పడితే ఆ చుక్క అంతా నలుపు. మరొక చుక్కలో ఆ బిందువు ఆకాశం మీద పడితే అదంతా తెలుపు. నడిమి రంగుకు తావే లేదు. అందువల్ల వాలుగీత మెట్లుమెట్లుగా కనబడుతుంది. దృశ్యం కదిలినపుడు ఆ మెట్లు పాకుతాయి. దూరపు కరెంటు తీగలు తెగి, అతుక్కొని, మళ్ళీ తెగుతూ మినుకుమంటాయి.

మారుపేరుతో వచ్చే దోషం

ఈ దోషానికి ఏలియాసింగ్ అని పేరు. ఏలియాస్ అంటే మారుపేరు. సన్నని వివరాలను తగినన్ని చోట్ల పరిశీలించకపోతే అవి మాయం కావు. లేని ముతక రూపాలుగా వేషం మార్చుకొని వస్తాయి. పాత చలనచిత్రాలలో ముందుకు పరుగెత్తే బండి చక్రం వెనుకకు తిరుగుతున్నట్లు కనిపించడానికి కారణం ఇదే. సెకనుకు 24 చిత్రాలు ఆ వేగాన్ని పట్టుకొనడానికి చాలవు.

ఒక తరంగాన్ని యథాతథంగా తిరిగి పొందవలెనంటే దాని పౌనఃపున్యానికి రెండు రెట్ల కంటె ఎక్కువ సార్లు కొలవవలెను. 1928లో హ్యారీ నైక్విస్ట్ టెలిగ్రాఫ్ సంకేతాలపై చేసిన కృషిలో దీనికి పునాది ఉన్నది. 1949లో క్లాడ్ షానన్ దీనిని స్పష్టమైన సిద్ధాంతంగా ప్రకటించాడు. కంప్యూటరు చిత్రాలలో కనిపించే మెట్లు ఈ కోవకు చెందినవేనని 1977లో ఫ్రాంక్లిన్ క్రో ఒక వ్యాసంలో వివరించాడు.

నలుగురు సాక్షులు

ధాన్యపు బస్తా నాణ్యత తేల్చడానికి ఒకేచోట గింజ తీయరు. నాలుగు చోట్ల పిడికెడు తీసి, కలిపి చూస్తారు. పెద్ద చిత్రాన్ని గీయడంలోని ఆంతర్యం ఇదే. 3840 × 2160 చిత్రంలోని నాలుగేసి చుక్కలు తెర మీది ఒక్క చుక్కకు సమానం. కార్డు పెద్ద చిత్రాన్ని ముందు తన జ్ఞాపకశక్తిలో పూర్తిగా గీసి, నాలుగు రంగుల సగటు తీసి, ఆ సగటును మాత్రమే తెరకు పంపుతుంది. పైన చెప్పిన అంచు చుక్కలో రెండో, మూడో సాక్ష్యాలు నలుపని చెబుతాయి. చుక్క బూడిదరంగు దాల్చుతుంది. 60 పాళ్ళకు బదులు 50 గాని 75 గాని వచ్చినా, నూరు కంటె అది సత్యానికి దగ్గర.

2000వ సంవత్సరంలో త్రీడీఎఫ్ఎక్స్ సంస్థ వూడూ 5 కార్డు ఈ విధమైన సగటును అందించింది. అది నాలుగు బిందువులను చదరంగా గాక కొంచెం తిప్పి అమర్చింది. చదరపు అమరికలో దాదాపు నిటారైన అంచును రెండేసి బిందువులు ఒకేసారి దాటుతాయి. అందుచేత మూడు ఛాయలే లభిస్తాయి. తిప్పి అమర్చితే ఐదు ఛాయలు లభిస్తాయి. తరువాత 2014 సెప్టెంబరులో ఎన్విడియా, డిసెంబరులో ఏఎండీ సంస్థలు తెరను మించిన రిజల్యూషన్‌ను తమ సాఫ్ట్‌వేర్‌లోనే ఒక సౌకర్యంగా చేర్చాయి.

చెల్లించవలసిన మూల్యం

1920 × 1080 చిత్రంలో 20,73,600 చుక్కలు. సెకనుకు 60 చిత్రాల చొప్పున సుమారు 12.4 కోట్ల చుక్కలు గీయవలెను. నాలుగు రెట్లైతే సుమారు 49.8 కోట్లు. తెరకు చేరేవి మాత్రం ఆ 12.4 కోట్లే. ఒక్కొక్క చిత్రానికి దొరికే వ్యవధి సెకనులో అరవయ్యో వంతు. కార్డుకు ఆ శక్తి లేకపోతే చిత్రాల సంఖ్య తగ్గి, ఆట నత్తనడక నడుస్తుంది. విద్యుత్తు ఖర్చు, వేడి పెరుగుతాయి. పాత ఆటలను కొత్త కార్డు మీద ఆడేటపుడు కార్డు శక్తిలో చాల భాగం ఊరకే ఉంటుంది. ఈ పద్ధతికి అదే సరియైన తావు. రెట్టింపు పూర్ణాంకం కాకపోతే, ఉదాహరణకు 2560 × 1440 అయితే, చుక్కలు సరిగా జతపడవు. అపుడు బొమ్మను కొంత మసకపరచి కుదించవలసివస్తుంది. కొన్ని ఆటలలో అక్షరాలు మరీ చిన్నవైపోతాయి.

ఒక హెచ్చరిక కూడ అవసరం. ఎన్ని సాక్ష్యాలు తీసినా తెర మీది చుక్కల సంఖ్య పెరగదు. దూరపు బోర్డు మీది సన్నని అక్షరాలు చదవవలెనంటే నిజంగా ఎక్కువ చుక్కలున్న తెర కావలసినదే. మెట్లు, మినుకుమినుకులు మాత్రమే బాధిస్తున్నచో, కార్డుకు శక్తి మిగిలి ఉన్నచో, కొత్త తెర కొనకముందు ఒక సాయంకాలం ఈ అమరికను పరీక్షించి చూడవచ్చును. దానికి పైసా ఖర్చు లేదు. సోలెడు గిన్నెలో పట్టేది సోలెడే. కాని మానెడు పాలు కాచి, ఇగిర్చి సోలెడు చేస్తే వాటి చిక్కదనం వేరు.