వెనక పెరట్లో వంద అడుగులు

మసాచుసెట్స్‌లో ఇల్లు కొనే తెలుగువాళ్లు స్కూళ్ల రేటింగు చూస్తారు, ఆస్తిపన్ను చూస్తారు, తూర్పు వాకిలి ఉందో లేదో చూస్తారు. ఈశాన్యంలో నీళ్లున్నాయంటే ఇక బేరమాడకుండానే ఒప్పేసుకుంటారు. ఆ నీళ్ల చుట్టూ చట్టం గీసిన గీత ఒకటుందని మాత్రం డెక్ వేయించుకుందామని కాంట్రాక్టర్ని పిలిచిన నాడు గానీ తెలియదు. చిత్తడి నేల అంచు నుంచి 100 అడుగుల లోపు తవ్వాలన్నా, మట్టి పోయాలన్నా, చెట్లు కొట్టాలన్నా ముందు ఊరి కన్సర్వేషన్ కమిషన్ని అడగాలి. ఏడాది పొడవునా పారే నదో వాగో అయితే చాలా ఊళ్లలో ఆ హద్దు 200 అడుగులు. సొంత ఇంట్లో పని చేసుకోవడానికి ఊళ్లోవాళ్ల అనుమతి ఏమిటని మనవాళ్లు విసుక్కోవడం మామూలే. కానీ ఈ పరిశీలన చెరువునూ వాగునూ ఎంత కాపాడుతుందో ఇంటివాణ్నీ అంతే కాపాడుతుంది. కాకపోతే ఆ మేలు ముందుగా వెళ్లి అడిగినవాడికే దక్కుతుంది.

హైదరాబాద్ ఎరిగినవాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు. ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటిమట్టం), బఫర్ అన్న మాటలు అక్కడ ఇప్పుడు చాయ్ దుకాణాల్లోనూ నలుగుతున్నాయి. పది హెక్టార్లు, ఆ పైన ఉన్న చెరువులకు 30 మీటర్ల బఫర్ వదలాలని 2012 నాటి జీవో 168 చెబుతోంది. ఇక్కడి 100 అడుగులూ ఇంచుమించు అంతే. తేడా అంతా వరసలో ఉంది. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా సంస్థ వచ్చాక, రిజిస్ట్రేషన్ అయింది, పర్మిషన్ ఉంది, లోను కడుతున్నాం, మమ్మల్నెందుకు కూలుస్తారని మొత్తుకున్న వాళ్లను టీవీల్లో చూశాం. అక్కడ గోడ లేచాక వచ్చిన ప్రశ్నను ఇక్కడ గునపం దిగకముందే అడుగుతున్నారు.

ఈ పట్టుదల వెనక కప్పల మీద జాలి ఒక్కటే లేదు, లెక్క కూడా ఉంది. 1968 వరదల్లో చార్లెస్ నది ఎగువ నీరు కిందికి రావడానికి రోజులు పట్టింది. మధ్యలోని చిత్తడి నేలలు దాన్ని పట్టి ఉంచి మెల్లగా వదిలాయి. దీన్ని గమనించిన ఆర్మీ ఇంజనీర్లు పెద్ద డ్యామ్ కట్టే ఆలోచన పక్కనపెట్టి, ఆ చిత్తడి నేలల్నే కాపాడాలని తేల్చారు. 1977 నుంచి ఆరేళ్లలో 8,000 ఎకరాలకు పైగా సేకరించారు. ఇక మనవాళ్లు ఎక్కువగా ఇళ్లు కొంటున్న ఊళ్లు చూడండి. చార్లెస్ నది హాప్‌కింటన్‌లో పుడుతుంది. సడ్బరీ, అసాబెట్ నదులు రెండూ వెస్ట్‌బరోలో మొదలవుతాయి. మన పెరట్లో మట్టి పోసి మెరక చేస్తే, అక్కడ ఇంకాల్సిన నీరు పక్కవాడి బేస్‌మెంట్‌కో కింది ఊరికో పోతుంది. నీటికి మన సర్వే నంబరుతో పనిలేదు.

‘అక్కడ నీళ్లే లేవు, ఉత్త అడవి’ అని చాలామంది అంటారు. ఆగస్టులో ఇల్లు చూసినవాళ్లకు అలాగే కనిపిస్తుంది. చిత్తడి నేలల నిపుణుడు నీటికోసం కాదు, మట్టికోసం వెతుకుతాడు. చేతి బర్మాతో అడుగు లోతు మట్టి తీసి అరచేతిలో విరిచి చూస్తాడు. బూడిదరంగు మట్టిలో తుప్పురంగు మచ్చలుంటే ఏటా కొన్ని వారాలు అక్కడ నీరు నిలిచి, గాలి ఆడక ఇనుము కరిగిందని అర్థం. చుట్టూ రెడ్ మేపుల్, స్కంక్ క్యాబేజీ ఉంటే అనుమానం బలపడుతుంది. అప్పుడు నంబర్లు వేసిన రంగు రిబ్బన్లు కొమ్మలకు కట్టుకుంటూ పోతాడు; 100 అడుగులు కొలిచేది ఆ రిబ్బన్ల నుంచే. మంచు కరిగినప్పుడు నిండి వేసవికి ఎండిపోయే గుంటల్లోనే మచ్చల సాలమాండర్లు గుడ్లు పెడతాయి. ఎండే గుంటలో గుడ్లు తినే చేపలు బతకవు మరి.

ఖర్చు, ఆలస్యం అన్న అభ్యంతరంలో నిజం లేకపోలేదు. సర్వేకీ, మ్యాపుకీ, దరఖాస్తుకీ డబ్బవుతుంది. కానీ ప్రతి పనికీ పూర్తి తతంగం అక్కర్లేదు. ఇంటి లాన్ మీద, చిత్తడి అంచుకు 50 అడుగులకు మించిన దూరంలో వేసే డెక్, షెడ్ లాంటివాటికి కొన్ని షరతులతో రాష్ట్ర నిబంధనల్లోనే మినహాయింపు ఉంది. అయితే ఊరికి సొంత నిబంధన ఉంటే అది ఇంకా కఠినంగా ఉండవచ్చు. అలా ఉండే హక్కు ఊళ్లకు ఉందని రాష్ట్ర సుప్రీం కోర్టు 1979లోనే తేల్చింది. కాబట్టి మొదటి పని టౌన్ హాల్లో కన్సర్వేషన్ ఏజెంటుకు ఇంటి అడ్రసు చెప్పి అడగడం. చట్టం తమకు వర్తిస్తుందో లేదో తేల్చమని చిన్న దరఖాస్తు పెట్టుకోవచ్చు. వర్తిస్తే నోటీస్ ఆఫ్ ఇంటెంట్ దాఖలు చేయాలి. అది అందిన 21 రోజుల్లో విచారణ మొదలవ్వాలి, విచారణ ముగిసిన 21 రోజుల్లో ఉత్తర్వు రావాలి. మన ఊళ్లో లేఔట్ ఫైలు వెనక తిరిగినవాళ్లకు ఈ గడువులు ముచ్చటగానే ఉంటాయి.

పక్కింటాయన అడక్కుండానే కట్టాడుగా అన్న వాదన మాత్రం ప్రమాదకరం. ఎందుకంటే ఆ ఇల్లు రేపు కొనేది మీరే కావచ్చు. పాత యజమాని చట్టం తప్పి పూడ్చిన నేలను మళ్లీ యథాస్థితికి తెచ్చే బాధ్యత కొన్నవాడి మీద పడుతుంది. దస్తావేజు రిజిస్టరైన మూడేళ్ల లోపు ఆ కొన్నవాడి మీద చర్య మొదలుపెట్టవచ్చు. ఈసీ తీయించకుండా పొలం కొనని మనవాళ్లు ఇక్కడ కమిషన్ ఫైలు చూడకుండా సంతకం పెట్టేస్తున్నారు.

కొత్తవాళ్లను, కొత్త ఇళ్లను ఆపడానికి కొందరు ఈ చట్టాన్ని వాడుకుంటారన్నది బలమైన విమర్శ. ఇళ్ల కొరతతో అల్లాడే రాష్ట్రంలో దాన్ని కొట్టిపారేయలేం. కమిషన్ సభ్యులు ఊరివాళ్లే, జీతం లేని పని. ఇష్టాయిష్టాలు ఉండవని ఎవరూ హామీ ఇవ్వలేరు. అందుకే విచారణ అందరి ముందు జరగాలి, పక్కవాళ్లకు నోటీసు వెళ్లాలి, నిర్ణయం కాగితం మీద ఉండాలి. రాష్ట్ర చట్టం కింద ఇచ్చిన ఉత్తర్వు నచ్చకపోతే పది పనిదినాల్లో రాష్ట్ర పర్యావరణ శాఖకు అప్పీలు చేసుకోవచ్చు. ఆ హక్కు పక్కింటివాళ్లకూ ఉంది. తిరస్కరణ కన్నా ‘డెక్‌ను ఇంత జరపండి, వాలు వైపు గడ్డి చుట్టలు పరచండి’ లాంటి షరతులే ఎక్కువగా వినిపిస్తాయి.

ఉత్తర్వు వచ్చిందని ఆ మర్నాడే తవ్వకూడదు. అప్పీలు గడువు దాటాలి, ఉత్తర్వును రిజిస్ట్రీ ఆఫ్ డీడ్స్‌లో నమోదు చేయించాలి, ఫైలు నంబరు రాసిన బోర్డు పని చోట నిలపాలి. ఆ ఉత్తర్వు మామూలుగా మూడేళ్లు చెల్లుతుంది. పని అయ్యాక కమిషన్ నుంచి కంప్లయన్స్ సర్టిఫికెట్ తీసుకుని దాన్నీ నమోదు చేయించండి. మరిచిపోతే పదేళ్ల తర్వాత ఇల్లు అమ్మే వారంలో కొనేవాళ్ల లాయరు ఆ పాత ఉత్తర్వును తవ్వి తీస్తాడు. అప్పటికి డెక్ వేసిన కాంట్రాక్టర్ ఫోను ఎత్తడు.