మరపు, మరపు మీద మన అంచనా
మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఫిట్స్ వచ్చినవాళ్ల చేతిలో తాళాలగుత్తి పెడతారు. దాంతో ఫిట్స్ ఆగవు. ఆ సంగతి చూసినవాళ్లందరికీ గుర్తుంటుంది, పడిపోయిన మనిషికి తప్ప.

జ్ఞాపకాన్ని నిలిపే హిప్పోకాంపస్ కణత లోపలివైపు ఉంటుంది. మూర్ఛ అక్కడ పుడితే కొత్త విషయాలు నిలవడం కష్టం. 1953లో మూర్ఛ తగ్గాలని హెన్రీ మొలైసన్ అనే అమెరికన్‌కు ఆ భాగం రెండువైపులా తీసేశారు; ఆపైన ఆయనకు కొత్త జ్ఞాపకాలు నిలవలేదు.

జ్ఞాపకం ఒకటి, దాన్ని మనం కొలుచుకునే మీటరు ఇంకొకటి. "నాకేం గుర్తుండట్లేదు" అనే బాధ చాలామందిలో మెమరీ టెస్టు మార్కులకన్నా దిగులుతోనే ఎక్కువ ముడిపడి ఉంటుంది. మరోపక్క, వచ్చిన ఫిట్సే గుర్తులేక లెక్క తక్కువ చెప్పేవాళ్లూ ఉన్నారు.

అందుకే రూమ్మేట్‌కి ఫిట్స్ వస్తే తాళాలు వెతక్కండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి, టైము రాసిపెట్టండి. 5 నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి. ఆ కాగితం డాక్టరుకు చూపించండి.