స్టూడియోలో ఆకాశం

మబ్బు పట్టిన మధ్యాహ్నం పెరట్లో నిలబడి మీ నీడ కోసం వెతకండి. సరిగా కనపడదు. కనపడినా దాని అంచులు తెలియవు. ఎండ కాసినప్పుడో, అదే నీడ గీత గీసినట్టుంటుంది. కారణం ఏమిటి? సూర్యుడు ఎంత పెద్దవాడైనా మన కంటికి చిన్న బిళ్ళంతే. కాంతి ఎక్కువగా ఒకే దిక్కు నుంచి వస్తుంది. మబ్బు కమ్మితే ఆకాశమంతా దీపమవుతుంది. ఒక వైపు పడబోయే నీడను మరో వైపు వెలుగు చెరిపేస్తుంది.

ఈ చిన్న సంగతి ఒక సినిమా ఛాయాగ్రాహకుణ్ణి తిప్పలు పెట్టింది.

'అపరాజితో' సత్యజిత్ రాయ్ తీసిన బెంగాలీ చిత్రం. 1956లో విడుదలయింది. కథలో కాశీలోని పాత ఇల్లొకటి ఉంది. నడుమ ముంగిలి, చుట్టూ గదులు. మన మండువా లోగిలి వంటిదే అనుకోండి. అలాంటి ఇంట్లోకి చాలాసేపు ఎండ తిన్నగా దిగదు, పైనున్న ఆకాశపు వెలుగే జారి వస్తుంది. వానలు అడ్డొస్తాయని కళాదర్శకుడు బన్సీ చంద్రగుప్త ఆ ఇంటిని కలకత్తా స్టూడియోలోనే కట్టిద్దామన్నాడు. ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్ర ఒప్పుకోలేదు. స్టూడియో దీపాలు నేరుగా వేస్తే ఒక్కొక్క మనిషికి రెండు మూడు నీడలు పడతాయి. ఆకాశం కింద ఎక్కడైనా అలా ఉంటుందా? అయినా వాదనలో ఆయనే ఓడిపోయాడు. సెట్టు లేచింది.

అప్పటికి ఆయనకు పాతికేళ్ళు. ఏం చేశాడో చూడండి. ముంగిలి పైన కప్పులాగా తెల్లగుడ్డ పరిపించాడు. దీపాలను నటుల మీదికి కాక పైకి, గుడ్డ వైపు తిప్పించాడు. గుడ్డ అద్దంలా నునుపుగా ఉండదు కనుక దాని మీద పడిన కాంతి అన్ని దిక్కులకూ చెదురుతుంది. క్రమరహిత పరావర్తనం అని మీరు చదువుకున్నది ఇదే. గుడ్డంతా వెలిగే ఆకాశమైంది! సినిమావాళ్ళు దీన్ని 'బౌన్స్ లైట్' అంటారు. ఇందులో ఖర్చూ ఉంది. కాంతిలో కొంత గుడ్డ పీల్చుకుంటుంది, మరికొంత అక్కరలేని చోటికి పోతుంది. అందుకని దీపాలు ఎక్కువ కావాలి.

మీరూ చేసి చూడవచ్చు. రాత్రి గది చీకటి చేసి, తెల్లకాగితం మీద పెన్సిలు నిలబెట్టండి. టార్చి నేరుగా వేస్తే నీడ నల్లగా, స్పష్టంగా పడుతుంది. ఇప్పుడు పక్కన తెల్ల పంచె వేలాడదీసి, టార్చి వెలుగు కాగితం మీద పడకుండా పంచె మీదికి తిప్పండి. పెన్సిలు కనిపిస్తూనే ఉంటుంది, నీడ మాత్రం మసకబారుతుంది. ఆ తర్వాత టార్చిని మెల్లగా పంచెకు దగ్గరగా జరపండి. పంచె మీది వెలుగు మచ్చ చిన్నదవుతున్న కొద్దీ నీడ అంచులు మళ్ళీ తేరుకుంటాయి.