కర్ఫ్యూ: నిప్పును కప్పే మాట

కర్ఫ్యూ అనగానే మనకు మూసిన దుకాణాలు, ఖాళీ వీధులు, పోలీసు జీపులు గుర్తుకొస్తాయి. 2020 మార్చి 22న దేశమంతా ‘జనతా కర్ఫ్యూ’ పాటించినప్పుడు చిన్నపిల్లల నోట కూడా ఈ మాట వినిపించింది. కాని ఈ మాట పుట్టుకలో పోలీసులు లేరు, వీధులు లేవు. ఉన్నది ఒక పొయ్యి, అందులో నిప్పు.

ఇది ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన మాట. ఫ్రెంచిలో ‘కూవ్ర్’ అంటే కప్పు, ‘ఫొ’ అంటే నిప్పు. రెండూ కలిస్తే ‘నిప్పును కప్పు’ అని అర్థం. ఫ్రెంచివారు కర్ఫ్యూను ఇప్పటికీ ఆ రెండు మాటలతోనే పిలుస్తారు. మనం పుస్తకాలకు వేసే కవర్‌లో ఉన్నదీ ఇదే ‘కూవ్ర్’. జేబులోని కర్చీఫ్ కూడా దీని తోబుట్టువే. పాత ఫ్రెంచిలో ‘చీఫ్’ అంటే తల. కాబట్టి కర్చీఫ్ అంటే తలను కప్పే గుడ్డ. అది చేతిలోకి వచ్చాక ఇంగ్లీషువారు దాని ముందు ‘హ్యాండ్’ చేర్చి హ్యాండ్‌కర్చీఫ్ అన్నారు. మన చేతిరుమాలు కథా ఇంతే. పారసీలో ‘రూ’ అంటే ముఖం, ‘మాల్’ అంటే తుడిచేది. దాని ముందు మనం ‘చేతి’ చేర్చాం.

కోల్‌కతాకు దగ్గరలోని చందన్‌నగర్ 1950 వరకు, గోదావరి ఒడ్డున ఉన్న యానాం 1954 వరకు ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్నాయి. అయితే కర్ఫ్యూ అక్కడి నుంచి వచ్చిన మాట కాదు, అంతకంటే చాలా పాతది. 1066లో ఫ్రాన్సులోని నార్మండీ ప్రభువు విలియం ఇంగ్లండును జయించాడు. ఆ తరువాత సుమారు మూడు వందల ఏళ్లు అక్కడి కొలువులోనూ న్యాయస్థానాల్లోనూ ఫ్రెంచి భాషే చెల్లింది. అప్పుడు వేల ఫ్రెంచి మాటలు ఇంగ్లీషులో కలిశాయి.

ఆ రోజుల్లో అక్కడి ఇళ్లు ఎక్కువగా కొయ్యతో కట్టినవి, పైన గడ్డి కప్పినవి. రాత్రిపూట ఒక్క నిప్పురవ్వ ఎగిరినా వీధి వీధంతా తగలబడేది. అందుకే సాయంత్రం గంట కొట్టేవారు. అది వినగానే ఇంటింటా పొయ్యిలో నిప్పు మీద బూడిద కప్పేవారు, లేదా లోహపు మూత పెట్టేవారు. పూర్తిగా ఆర్పేవారు కాదు. అగ్గిపెట్టె లేని కాలం కదా, తెల్లవారితే మళ్లీ ఆ నిప్పునే రాజేసుకోవాలి. థామస్ గ్రే 1751లో అచ్చువేసిన ‘ఎలిజీ’ మొదటి పంక్తిలో మోగేది ఈ గంటే.

మన పల్లెల్లో అమ్మమ్మలు చేసిందీ ఇదే. రాత్రి వంటయ్యాక నిప్పు మీద బూడిద కప్పి, పొద్దున్నే ఊది మంట చేసేవారు. నిప్పు మీది ఆ బూడిదే నివురు. ‘నివురుగప్పిన నిప్పు’ అన్న జాతీయం అక్కడి నుంచే వచ్చింది. పైకి కనిపించకుండా లోపల రగిలే కోపాన్ని, పగను అలా అంటాం.

కాలం గడిచేకొద్దీ గంట మోగే వేళకే కర్ఫ్యూ అన్న పేరు వచ్చింది. ఆ తరువాత ‘ఆ వేళ దాటితే బయట తిరగరాదు’ అన్న ఆజ్ఞకు ఆ పేరు స్థిరపడింది. 1946 ఆగస్టులో కోల్‌కతా మతకల్లోలాలతో అట్టుడికినప్పుడు నగరంలో కర్ఫ్యూ విధించారు. అప్పుడు కప్పవలసిన నిప్పు పొయ్యిలోది కాదు, మనుషుల మనసుల్లోది.

కర్ఫ్యూ నిప్పును కప్పుతుంది, ఆర్పదు. ఆ సంగతి మాటలోనే ఉంది. ఆజ్ఞతో వీధులు ఖాళీ అవుతాయి, ప్రాణాలు దక్కుతాయి. కాని ఆజ్ఞ ఎత్తివేసిన మరునాడు ఆ నిప్పు మళ్లీ రాజుకోకుండా చూసుకోవలసింది ఇరుగుపొరుగు మనుషులే.

బ్యూరో, డిపో, కూపన్, రెస్టారెంట్ కూడా ఫ్రెంచి నుంచి వచ్చినవే. వాటి అసలు అర్థాలేమిటో గ్రంథాలయంలోని నిఘంటువు తెరిచి చూడండి.